ఒళ్ళు విరుచుకున్న రాయి

గురువారం ఉదయం తొమ్మిదీ యాభై నుంచి మధ్యాహ్నం పన్నెండున్నర దాకా గని అడుగున తొంభై ఎనిమిదో లెవెల్లో చుక్క నీరు లేదు. నీళ్ళు లేకుండా రాతిని డ్రిల్లుతో కోయడం ఎవరి వల్లా కాదు. అయినా సరిగ్గా పదీ నలభైకి ఆ రాతిని కోసి, లోపలి ఒత్తిడి కొలిచి, భయం లేదని రాసిన కాగితం డిటెక్టివ్ కెప్టెన్ డికెలెడి మొఖెతి చేతిలో ఉంది.

ఆ కాగితాన్ని నమ్మి శనివారం ముగ్గురు, కప్పుని మోయడానికి తవ్వకుండా వదిలిన ఆ రాతి పిల్లర్ పక్కన పనికి దిగారు. పదకొండూ అయిదుకి పిల్లర్ పేలింది. మేస్త్రి వెలాఫి జుంగు, అతని కింద పనిచేసే ఇద్దరూ అక్కడికక్కడే పోయారు.

ఇవాళ మంగళవారం. టైము ఎనిమిదిన్నర. మధ్యాహ్నం రెండింటికి ఆ చోటుకి సిమెంటు గోడ కట్టేస్తారు.

"నీళ్ళ పుస్తకం రాసేది ఎవరు?" అంది డికెలెడి.

"పంపు దగ్గర కూర్చునేవాడు. తాగుబోతే కానీ, టైము మాత్రం తప్పు రాయడు," అన్నాడు ఫినియస్ మొకోనె. డోరింగ్‌రాండ్ బంగారు గనిలో రాళ్ళ గిడ్డంగికి అతనే కాపలా. నలభై ఏళ్ళ కిందట గని లోపలే పనిచేసేవాడు. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. "గొట్టం పగిలింది. అతికించేసరికి పన్నెండున్నర అయింది. ఆ పూట కింద ఎవడూ రాయి కోయలేదు."

"కాగితం మీద మాత్రం కోశారు. నాకు అర్థమయ్యేలా చెప్పండి పెద్దయ్యా. రాతిలో ఒత్తిడి ఎలా కొలుస్తారు? తక్కెడలో వేసి తూస్తారా?"

ఫినియస్ నవ్వి, తను కూర్చున్న కుర్చీ చిరుగులోంచి గుప్పెడు స్పాంజి లాగాడు.

"ఈ కుర్చీ ఎలాగూ పోయిందే. ఇలా చూడమ్మా." స్పాంజిని రెండు అరచేతుల మధ్యా గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. "పెన్నుతో రెండు చుక్కలు పెట్టు. ఒకటి పైన, ఒకటి కింద. పెట్టావా? ఎంత ఎడం?"

"వేలెడు."

అతను చేతులు వదిలేశాడు. స్పాంజి ఒళ్ళు విరుచుకుంది. చుక్కలు రెండు వేళ్ళ ఎడానికి జరిగాయి.

"నేనెంత బలంగా నొక్కానో నీకు కనపడదు. చుక్కలు ఎంత జరిగాయో కనపడుతుంది. ఈ స్పాంజి ఎంత మొండిదో తెలిస్తే, జరిగిన దాన్నిబట్టి నొక్కుడు లెక్క కట్టొచ్చు. అంతే విద్య. పిల్లర్లోకి కన్నం వేస్తారు. కన్నం అడుగున గేజి అతికిస్తారు. జిగురు ఆరడానికి ఒక రోజు. ఆరాక ఒక రీడింగు తీసి చీటీ మీద రాస్తారు. తర్వాత గేజితో సహా ఆ ముక్కని డ్రిల్లుతో కోసి పిల్లర్నించి విడదీస్తారు. మూడు కిలోమీటర్ల కొండ బరువు మోసిన రాయి కదా, విడిపించగానే సాగుతుంది. పది లక్షల్లో ఒక వంతంటే ఒక పాయింటు. మా రాయికి వెయ్యి పాయింట్లు సాగితే ఒత్తిడి డెబ్బై. నీ కాగితంలో పన్నెండొందలు సాగిందని ఉందా? ఎనభై నాలుగన్నమాట. నూట పది దాటితేనే మనుషుల్ని పంపకూడదు."

"అంటే ఈ కాగితం ప్రకారం వాళ్ళు నిక్షేపంగా ఉండాలి."

"కాగితం ప్రకారం." ఫినియస్ ఒక పాత ఫైలు తెరిచాడు. "ఇది మే నెలది. తొంభై అయిదో లెవెల్. మూడు దిక్కుల్లో మూడు అంకెలు. పదకొండొందల తొంభై, ఆరొందల నలభై, మూడొందల పది. ఇప్పుడు నీ దాంట్లో చదువు."

డికెలెడి చదివింది. "పన్నెండొందలు, ఆరొందల యాభై, మూడొందల ఇరవై." తలెత్తింది. "ప్రతి దానికీ పది కలిపారు."

"రాయికి అంత పద్ధతి ఎక్కడిదమ్మా? నలభై ఏళ్ళలో ఒకే మాట రెండుసార్లు చెప్పగా నేను వినలేదు. ఇంకోటి, కోసిన రాతిముక్క గేజితో సహా నా గిడ్డంగికి రావాలి. ఇది రాలేదు."

కాగితం కింద సంతకం కె. సిబియా అని ఉంది.

అతను తొమ్మిదింటికి తనే వచ్చాడు. ఖులెకాని సిబియా, ముప్పయ్యేళ్ళవాడు, ఒత్తిడి కొలిచే విభాగం మనిషి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో చిన్న సైజు తలదీపం, మోకాలి పట్టీలు.

"వెలాఫి అన్న వాళ్ళ నాన్న నోంగోమా నుంచి వచ్చారు మేడమ్. ఆయన్ని కిందికి తీసుకెళ్ళేది నేనే. పెద్దాయన తలకి సరిపోయే దీపం వెతుకుతుంటే ఆలస్యమైంది."

"వెలాఫి మీకేమవుతాడు?"

"ఒకే ఊరు. నన్ను గనికి తెచ్చింది ఆయనే. పార పట్టుకుని చస్తుంటే ఆఫీసులో మాట్లాడి ఈ పని నేర్పించిందీ ఆయనే." చేతిలోని దీపం అటూ ఇటూ తిప్పాడు. "సొంత అన్నే అనుకోండి."

"గురువారం ఎన్నింటికి రాయి కోశారు?"

"కాగితంలో ఉంది కదా. పదీ నలభై."

"నీళ్ళు లేవుగా?"

అతను రెప్ప వెయ్యలేదు. "గొట్టంలో లేవు. నీళ్ళ ట్రాలీ తెప్పించుకున్నాను."

"ట్రాలీ ఎవరు తోశారు?"

"... నేనే."

"నిండు ట్రాలీని ఒక్కరే?"

"ఖాళీగా ఉన్నవాళ్ళు ఎవరో ఓ చెయ్యి వేశారు మేడమ్. పేర్లు గుర్తులేవు."

"కోసిన ముక్క ఏది?"

"బయటికి తీస్తుంటే ముక్కలైపోయింది. పారేశాను."

ఫినియస్ ఆ మాటకి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. డికెలెడి తన పుస్తకంలో మూడు ముక్కలే రాసుకుంది: ట్రాలీ, పేర్లు, ముక్క. ఏ ఒక్కటీ అబద్ధమని కోర్టులో నిరూపించడానికి వీల్లేదు.

"గేజి రీడింగు తీసే పెట్టె తెచ్చుకోండి," అంది.

"ఎందుకు మేడమ్?"

"మీ విభాగం వాళ్ళు కిందికి దిగితే అది మోసుకెళ్తారుగా. అందుకు."

*

గనిలోకి దిగే షాఫ్టు దగ్గర గెరిట్ ఫూరీ ఆమె కోసం కాచుకుని ఉన్నాడు. ఒకప్పుడు పోలీసు శాఖలో ఆమెకి పై అధికారి. ఇప్పుడు కంపెనీ తరఫు విచారణాధికారి. చంకలో ఫైలు, చేతిలో ప్లాస్టిక్ సంచి. సంచిలో గొడ్డలి.

"రా డికీ. కేసు నీ కోసం మడతపెట్టి, ఇస్త్రీ చేసి ఉంచాను."

"కెప్టెన్ అనండి."

"అబ్బో. సరే కెప్టెన్. ఇదిగో గొడ్డలి. శవం పక్కన దొరికింది. పిల్లర్ దగ్గర కప్పుని మోసే చెక్క దిమ్మెలు పదకొండుండాలి. నా మనిషి లెక్కపెడితే తొమ్మిదే. నీ వెలాఫి రెండు దిమ్మెలు కొట్టేసి ముందుకి మోయించుకుపోయాడు, కొత్తవి అడగడానికి బద్ధకం వేసి. కప్పు కూలింది. తనూ పోయాడు, ఇద్దర్ని వెంట తీసుకుపోయాడు. రిపోర్టు తయారు. రెండింటికి సంతకం, ఆ వెంటనే గోడ."

"అంత తొందరేం?"

"మిగిలిన సగం పిల్లర్ కూడా మూలుగుతోంది. గోడ కట్టడానికి ప్రభుత్వ అనుమతి ఉంది. నీ దగ్గర ఆపే కాగితం ఉందా? లేదు. ఆ కాగితం కావాలంటే సాక్ష్యం కావాలి. ఉందా? లేదు. ఇక తగువెందుకు?"

"ఇంకా నాలుగు గంటలుంది."

"రాతిని అరెస్టు చేస్తావా?" ఫూరీ నవ్వాడు.

ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. బెంచీ మీద కూర్చున్న ముసలాయన లేచి నిలబడ్డాడు. నల్ల కోటు, గుండీలన్నీ పెట్టుకున్నాడు. చేతిలో అడవి రేగు కొమ్మ, తెల్లగుడ్డలో సగం చుట్టి ఉంది. దూరాన పోయినవాడి ఆత్మని ఆ కొమ్మ మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకుపోవాలి. శవం మార్చురీ నుంచి వస్తుంది. మనిషి మాత్రం ప్రాణం పోయిన చోటే ఉంటాడు. ఎవరో ఒకరు వెళ్ళి పిలిచేదాకా కదలడు.

"అమ్మా, పోలీసమ్మా," అన్నాడు జుంగు పెద్దయ్య. "వాడిని పిలిచాక ఇల్లు చేరేదాకా వాడితో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకూడదు నేను. అందుకని ఇప్పుడే అడుగుతున్నా. పోయిన ఇద్దర్లో ఒకడు మా పక్కింటివాళ్ళ బిడ్డ. నా కొడుకు కొట్టిన గొడ్డలి దెబ్బకే పోయాడంటున్నారు ఈ అయ్యగారు. అదే నిజమైతే, వాడిని మా గడపలోకి తీసుకెళ్ళే ముందు వాళ్ళ గడప ముందు మోకాళ్ళేసుకోవాలి. వేసుకుంటాను. నాకు సిగ్గేం లేదు. కానీ నిజమేనా?"

"ఇంకా తెలీదు పెద్దయ్యా."

"కొమ్మ పట్టుకుని వాడికి అబద్ధం చెప్పకూడదమ్మా. ఏమని చెప్పి తీసుకెళ్ళను?"

పదీ ఇరవై లిఫ్టు గంట మోగింది. ఖులెకాని ముసలాయన మోకాళ్ళ దగ్గర కూర్చుని పట్టీలు కట్టాడు. ముసలాయన ఖాళీ చెయ్యి అతని తల మీద వేశాడు.

"మా వాడు ఉత్తరాల్లో నీ గురించే ఎక్కువ రాసేవాడ్రా. పెళ్ళాం కడుపుతో ఉందన్నాడు?"

"కనింది పెద్దయ్యా. ఆడపిల్ల."

"ఎప్పుడు?"

ఖులెకాని పట్టీ ముడి విప్పి మళ్ళీ వేశాడు. "గురువారం."

డికెలెడి ఆ వారం పేరు కూడా పుస్తకంలో రాసుకుంది.

*

పదకొండూ నలభైకి వాళ్ళు తొంభై ఎనిమిదో లెవెల్ చివర ఉన్నారు. డికెలెడి, ఫూరీ, ఖులెకాని, జుంగు పెద్దయ్య. గోడ కట్టే మేస్త్రీలు నలభై అడుగుల వెనక సిమెంటు బస్తాల మీద కూర్చున్నారు. వేడికి ఒంటి మీద చొక్కా ఆరడం లేదు. పిల్లర్లో సగం రాళ్ళ గుట్టగా పడి ఉంది. మిగిలిన సగం నిలబడే ఉంది, అప్పుడప్పుడు చిటుక్కుమంటోంది.

ముందు పెద్దయ్య పని. ఆయన తల మీది టోపీ తీశాడు. కొమ్మ గుడ్డ విప్పి, రాళ్ళ గుట్ట మీద ఆనించాడు.

"మంజినీ," అని వంశం పేరు పెట్టి పిలిచాడు. "వెలాఫీ. నేనురా, నీ నాన్నని. నిన్ను తీసుకెళ్ళడానికి వచ్చాను. ఇక్కడ వేడిగా ఉంది. చీకటిగా ఉంది. పద, ఇంటికి పోదాం. మీ అమ్మ వాకిలి అలికింది."

పెద్దయ్య కొమ్మని గుండెలకి ఆనించుకుని పక్కకి నిలబడ్డాడు. ఇక ఆయన ఎవరికీ జవాబివ్వడు.

డికెలెడి చెక్క దిమ్మెల లెక్కతో మొదలుపెట్టింది. తొమ్మిది కళ్ళకి కనపడ్డాయి. ఆమె నేల మీద బోర్లా పడుకుని, దీపం రాళ్ళ కిందికి తిప్పింది.

"ఫూరీ, ఇలా వంగండి."

"నా నడుం గురించి నీకు తెలీదు."

"వంగండి. పెద్ద రాయి కింద ఏం కనపడుతోంది?"

ఫూరీ మూలుగుతూ వంగాడు. మనిషి ఎత్తు దిమ్మె ఒకటి జానెడు మందాన అప్పడంలా అయిపోయి ఉంది. దాని పక్కనే ఇంకోటి.

"పది, పదకొండు," అంది డికెలెడి. "ఎవరూ కొట్టి తీసుకుపోలేదు. కొండ కిందికి దిగి నలిపేసింది. మీ మనిషి నిలబడి లెక్కపెట్టాడు."

"మరి గొడ్డలి?"

ఆమె నిలబడి ఉన్న పిల్లర్ వెనక్కి వెళ్ళింది. అక్కడ రెండు సన్న కర్రలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి కప్పుకి బిగించి ఉంది, ఒకటి నేలలో. రెండింటినీ కలుపుతూ గీసిన సుద్దగీతలు మూడు. పక్కన గురు, శుక్ర, శని అని సుద్దతోనే రాతలు. కింద తాజా చెక్కుపేళ్ళు.

"గొడ్డలితో చేసింది ఇది. ఇదేమిటో మీకు తెలుసా ఫూరీ? కప్పు దిగితే పై కర్ర జారుతుంది. గీత రెండు ముక్కలవుతుంది. పేలినప్పుడు జరిగింది మూడు గీతలకీ సమానం. ఆ పైన మిగిలిన తేడా చూడండి. గురువారం గీతకీ శుక్రవారం గీతకీ మధ్య వేలెడు. శుక్రవారానికీ శనివారానికీ రెండు వేళ్ళు." ఆమె గొంతు తగ్గింది. "వెలాఫి దిమ్మెలు దొంగిలించలేదు. కప్పు దిగుతోందని అనుమానం వచ్చి, తన చేత్తో కొలుచుకున్నాడు. శనివారం పొద్దున్న రెండు వేళ్ళు దిగడం కళ్ళారా చూశాడు."

"చూసి కూడా లోపలికి ఎందుకెళ్ళాడు? అదే చెప్పు. చూసి కూడా వెళ్ళినవాడు ఇంకా పెద్ద తప్పు చేసినట్టు."

అది సరైన ప్రశ్న. డికెలెడి ఖులెకాని వైపు చూసింది. అతను ఆ కర్రల వైపు చూడడం లేదు.

"కొలిచిన కన్నం ఎక్కడ?"

అతను వేలు పెట్టి చూపించాడు. నిలిచి ఉన్న సగంలోనే, ఛాతీ ఎత్తున, ఎర్ర రంగు వలయం. పిల్లర్ మొత్తానికి అదొక్కటే.

"కోశాక కన్నం లోతు ఎంతుండాలి?"

"మూడు మీటర్ల నలభై. కోయక ముందు మూడు."

డికెలెడి కొలకడ్డీ లోపలికి తోసింది. ఒక మీటరు. రెండు. మూడు దగ్గర కడ్డీ మెత్తటిదానికి తగిలి ఆగిపోయింది. ఫూరీ చేతికిచ్చింది. ఫూరీ తనూ తోసి చూశాడు. మొహం మీది నవ్వు పోయింది.

"రాళ్ళు పడి మూసుకుపోయి ఉండొచ్చు," అన్నాడు.

"రాయైతే టక్కుమంటుంది. ఇది గేజి మీది రబ్బరు." ఆమె కన్నం అంచున ఒక పక్కగా కుక్కిన పాత గుడ్డ లాగింది. వెంట సన్నటి తీగ వచ్చింది. తీగకి ప్లాస్టిక్ చీటీ. డికెలెడి పైకి చదివింది. "అతికించింది బుధవారం, రెండూ పదిహేను. మొదటి రీడింగు గురువారం, తొమ్మిదీ ఇరవై. నిలువు: మూడువేల నూట నలభై." చీటీ తిప్పింది. "రెండో రీడింగు గడి ఖాళీ. చేతిరాత మీదేగా సిబియా?"

అతను తలూపాడు.

"గేజి ఇంకా లోపలే ఉంది. రాయి ఎవరూ కోయలేదు. సాగిందో లేదో ఎవరూ చూడలేదు."

ఫూరీ ఫైలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. గొంతు ఇప్పుడు పాత పోలీసు గొంతులా ఉంది. "సరే. కొలవలేదు. ఒప్పుకుంటా. కానీ కోర్టులో మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? కొలిచి ఉంటే ఏం వచ్చేది? నిజంగానే ఎనభై నాలుగు వచ్చేదేమో. అప్పుడు కాగితం దొంగదే కానీ మాట నిజం. పిల్లర్ పోయింది. ఇక ఎప్పటికీ తెలీదు."

"తెలుస్తుంది," అంది డికెలెడి. "పొద్దున్న ఫినియస్ పెద్దయ్య స్పాంజి నొక్కి వదిలినప్పట్నించీ అదే ఆలోచిస్తున్నాను. రాతిని విడదీసి చూడాలి, అంతే కదా? డ్రిల్లుతో విడదీస్తేనేం, తనంతట తను పగిలి విడిపోతేనేం? గేజి గురువారం పొద్దున్న రాతికి అతుక్కునే ఉంది. శనివారం పిల్లర్ పేలి బరువు వదిలేసింది. ఈ ముక్క ఒళ్ళు విరుచుకుంది. ఎంత విరుచుకుందో గేజికి తెలుసు. సిబియా, పెట్టె తగిలించండి."

ఖులెకాని కదల్లేదు.

"జిగురు ఊడిపోయి ఉంటుంది మేడమ్."

"ఊడితే పెట్టె ఏమీ చూపించదు. అదే రాసుకుందాం. తగిలించండి."

అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తీగ చివరలు తుడిచాడు. నాలుగేళ్ళుగా చేస్తున్న పని. చేతులు వాటంతట అవే చేశాయి. మీట నొక్కాడు. అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి నిలబడ్డాయి.

"చదవండి."

"అయిదువేల తొంభై."

చీటీ మీది మూడువేల నూట నలభైని డికెలెడి పుస్తకంలో దాని కింద వేసింది. గీత గీసింది. "పందొమ్మిదొందల యాభై. ఇంకా సగం పిల్లర్ నిలబడే ఉంది కాబట్టి పూర్తిగా సాగలేదు. కనీసం పందొమ్మిదొందల యాభై. ఇప్పుడు ఒత్తిడి ఎంతో చెప్పండి. ఈ లెక్క ఇక్కడ మీకే బాగా వచ్చు."

ఖులెకాని పెట్టె వైపే చూస్తున్నాడు.

ఆమె మళ్ళీ అడగబోయింది. అంతలో వెనకనుంచి జుంగు పెద్దయ్య గొంతు వినపడింది. ఆయన వాళ్ళెవరి వైపూ చూడడం లేదు. కొమ్మని మొహానికి దగ్గరగా పట్టుకుని, పక్కన నడిచేవాడితో మాట్లాడినట్టు నెమ్మదిగా మాట్లాడుతున్నాడు.

"వెలాఫీ, కాస్త ఆగరా. ఇప్పుడే బయల్దేరడం లేదు. ఇక్కడ ఏదో అంకె వచ్చిందట. నాకు అంకెలు తెలీవు. నీకు తెలుసు. నువ్వు పని నేర్పిన కుర్రాడే చదివాడు. వాడికీ తెలుసు. కానీ చెప్పడం లేదు. ఎందుకో మరి. నీ పట్టీలు కట్టినట్టే నా పట్టీలు కట్టాడు, మంచివాడే."

ఖులెకాని లేచి నిలబడ్డాడు. హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. డికెలెడి పక్కనుంచి, ఫూరీ పక్కనుంచి నడిచి, ముసలాయన ముందు నిలబడి, కొమ్మకి ఎదురుగా తల వంచాడు. డికెలెడి పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుంది. ఫూరీ దగ్గబోయి ఆగాడు.

"నూట ముప్పయ్యారున్నర, అన్నా," అన్నాడు ఖులెకాని. "నువ్వు అడిగిన అంకె అదీ. గురువారం నుంచే అంత ఉంది. నూట పది దాటితే మనుషుల్ని పంపకూడదని నాకు నేర్పింది నువ్వే.

"నేను కొలవలేదన్నా. గేజి అతికించాను, మొదటి రీడింగు తీశాను, నీళ్ళు ఆగిపోయాయి. వస్తాయని కూర్చున్నా. పదకొండింటికి పైనుంచి ఫోను. నీ మరదలికి నొప్పులొచ్చాయి, కష్టంగా ఉంది, పోతుందేమో రమ్మన్నారు. మూడింటికల్లా అంకె కావాలని ఆఫీసువాళ్ళు ముందే చెప్పారు. మే నెల కాగితం తీసి, అన్నింటికీ పది కలిపి, సంతకం పెట్టి పరిగెత్తాను. రేపొచ్చి కోసేద్దాం, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నా. ఒక్క రోజే అనుకున్నా.

"శుక్రవారం నువ్వు పాపని చూడ్డానికి దుప్పటి తెచ్చావు. వాకిట్లో నన్ను పక్కకి పిలిచి అడిగావు. ఒరేయ్, నా కర్ర వేలెడు దిగిందిరా, నీ గేజి ఏమంటోంది అన్నావు. పాప నా చేతుల్లో ఉంది. చెప్పాలనే నోరు తెరిచాను. చెప్తే ఉద్యోగం పోతుంది, నీ మొహం ఎలా చూడను అనుకున్నా. ఎనభై నాలుగన్నా, రాయి నిద్రపోతోంది, నీ కర్ర తడికి ఉబ్బి ఉంటుందన్నా. నువ్వు నవ్వావు. ఇక నా కర్రలకి పని లేదన్నమాట అన్నావు.

"శనివారం పదింటికి డ్రిల్లు తీసుకుని దిగాను. నీకు తెలీకుండా కోసేసి, కొత్త అంకె రాసేద్దామని. నీళ్ళున్నాయి. ఆ రోజు అన్నీ ఉన్నాయి. పదకొండూ అయిదుకి నేను అదిగో, ఆ మలుపు దగ్గరున్నా. గాలి వచ్చి నన్ను కింద పడేసింది. అరగంట ముందు వచ్చుంటే అని మూడు రోజులుగా అనుకుంటున్నా. అది కూడా అబద్ధమే. అరగంట కాదు. శుక్రవారం వాకిట్లో ఒక్క మాట చాలు.

"నీ కర్ర సరిగ్గానే చెప్పిందన్నా. శనివారం గీత గీసి చూసి కూడా, నువ్వు కర్రని కాదని నన్ను నమ్మావు. నీ చేతిలో గొడ్డలి తప్పేం చెయ్యలేదు. పక్కింటి బిడ్డ పోయింది నీ వల్ల కాదు. వాళ్ళ గడప ముందు మోకాళ్ళెయ్యాల్సింది మీ నాన్న కాదు, నేను. నాన్నతో ఇంటికెళ్ళన్నా. దారి పొడుగునా ఆయన చెప్పేది విను. వాకిలి అలికి ఉందట. నేను ఈ పోలీసమ్మతో వెళ్తాను. పాపకి పేరు నువ్వే పెడతానన్నావు. ఇంకా పెట్టలేదు. నిన్నూ ఆ ఇద్దర్నీ చంపింది రాయి కాదన్నా. నేను."